ఉచిత బిళ్ళకి రుచి అడిగిన మనిషి

కరీముల్లా గారు పోయారన్న మాట నాకు హార్బర్లో వేలంపాట దగ్గర తెలిసింది. అప్పటికింకా పూర్తిగా తెల్లారలేదు. బోటు నుంచి దింపిన చేపల గుట్ట ముందు నిలబడి పాట వింటున్నాను. ఆటో నడిపే మస్తాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. పాతూరు మనిషి కదా, చేపల కోసం వచ్చాడనుకున్నాను. "పైడమ్మప్పా, మందుల సాయిబు గారు పోనారు. నిన్న సాయంత్రం, ఆసుపత్రిలో," అన్నాడు. ఆ తర్వాత పాట ఎంత దాకా వెళ్ళిందో, ఆ గుట్ట ఎవరు పాడుకున్నారో నాకు తెలీదు. ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని పాతూరు వైపు నడిచాను. చేపలు లేని గంప అంత బరువుంటుందని ఆ రోజే తెలిసింది.

దారిలో ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. మందుల షాపుల వాళ్ళు పెట్టిన సంతాప సభకి వెళ్ళొచ్చాక ఇంకా పెరిగింది.

ఆ సభలో మాట్లాడిన పెద్దలందరూ ఆయన్ని మృదు స్వభావి అన్నారు. పసిపిల్లలకి తీపి పంచిన పుణ్యాత్ముడు అన్నారు. ఒకాయన అజాతశత్రువు అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటని పక్కన కూర్చున్న అతన్ని అడిగాను. శత్రువులే లేనివాడని చెప్పాడు. నేను వేదిక వైపు చూశాను. అక్కడ దండ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను.

లేచి మాట్లాడదామనుకున్నాను. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని, మైకు ముందు నాకు మాట రాదు. మన పేట కుర్రాళ్ళు వేస్తున్న ఈ పుస్తకంలో ఆయన గురించి రాయమని అడిగితే ఒప్పుకున్నాను. నేను రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి. అబద్ధం మాత్రం ఒక్కటీ ఉండదు.

ముందు ఇది చెప్పాలి. కరీముల్లా గారు మెత్తని మనిషి కాదు. కోపిష్టి. పాతూరులో హార్బరు రోడ్డు మలుపుకి ముందు ఆయన మందుల షాపు ఉండేది. ఒక బల్ల, వెనక అద్దాల బీరువా, బయట ఒక చెక్క బెంచీ, అంతే. ఆయన అరిస్తే ఎదుటి వరసలో టైలరు మిషను ఆగేది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచేవారు. కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెళ్ళో వేసుకునేవారు. వాళ్ళ నాన్న ఆ వీధిలోనే షర్బత్ అమ్మేవాడట. ఈయన మందుల కోర్సు చదువుకుని షాపు పెట్టారు. కానీ తండ్రి దగ్గర నేర్చిన పని మర్చిపోలేదు. పసిపిల్లల కోసం ఏ కొత్త మందు వచ్చినా ముందు కొంచెం నాలిక మీద పెట్టుకుని చూసేవారు. మొహం చిట్లించి, నీళ్ళు పుక్కిలించి, "దీన్ని పిల్లలకి ఇమ్మన్నవాడికి పిల్లలు ఉన్నారా?" అని గోడని అడిగేవారు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది తొంభైల మొదట్లో. మా నూకాలుకి అప్పుడే మాటలు వస్తున్నాయి. మలేరియా పట్టుకుంది. ఆ రోజుల్లో మా పేటలో చలిజ్వరం లేని ఇల్లు లేదు. ఆసుపత్రిలో బిళ్ళలు ఉచితంగానే ఇచ్చారు. తెల్లగా, చిన్నగా ఉండేవి. ఆ చేదు తెలియని వాళ్ళకి నేను చెప్పలేను. వేపాకు దాని ముందు చెరుకుముక్క. నీళ్ళలో నూరి పోస్తే పిల్ల కక్కేది. మళ్ళీ పోస్తే మళ్ళీ కక్కేది. మా ఇళ్ళల్లో పద్ధతి ఏమిటంటే, ఒకరు కాళ్ళు పట్టుకోవాలి, ఒకరు ముక్కు మూయాలి. ఊపిరి కోసం పిల్ల నోరు తెరిచినప్పుడు ఉగ్గుగిన్నెతో గొంతులో పోసేయాలి. మా అత్త ఎర్రమ్మ ఆ పనిలో పేరున్న మనిషి. వీధిలో ఎవరి పిల్లకి మందు పోయాలన్నా ఆవిణ్ణే పిలిచేవారు. అలా పోసినా నూకాలు కక్కేసింది. ఆసుపత్రి బిళ్ళలు అయిపోయాయి, జ్వరం అలాగే ఉంది. పిల్లని భుజం మీద వేసుకుని, అత్తని వెంటబెట్టుకుని ఆ షాపుకి వెళ్ళాను.

ఆసుపత్రిలో ఇచ్చిన బిళ్ళలు ఏమయ్యాయని ఆయన అడిగారు. కక్కేసిందని చెప్పాను. ముక్కు మూసి పోసినా కక్కేసిందని కూడా చెప్పాను. ఆయన బల్ల మీది చెక్క పైకెత్తి బయటికి వచ్చారు.

"ముక్కు ఎవరు మూసేరు?"

మెచ్చుకుంటారనుకుని మా అత్త ముందుకి వచ్చింది. "నానే బాబూ. మా యీదిలో గుంటలందరికీ నానే పోత్తాను. ఇది కాళ్ళట్టుకుంటాది, అంతే."

"అది పిల్లా, పీపాయా, గరాటు పెట్టి పోయడానికి? మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏటి చేస్తావు? జ్వరంతో చావని పిల్ల నీ చేతిలో చస్తాది."

మా అత్తని మా మావ కూడా అంత మాట అని ఎరగడు. ఆవిడ తగ్గలేదు. "సేదు మందు సేదుగా కాక ఎలగిత్తారు? సేదుంటేనే గదా పన్జేత్తది. మా అమ్మ మాకలాగే పోసింది. మేం బతకనేదేటి?"

ఆయన ఒక బిళ్ళ తీసి కల్వంలో నూరి, ఆ పొడి చిటికెడు ఆవిడ అరచేతిలో వేశారు. నాకమన్నారు. మా అత్త అడ్డపొగ తాగే మనిషి. చుట్ట నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని, రోజంతా వలలు అల్లుతూ కబుర్లు చెప్పే నోరు అది. ఆ నోరు ఆ చిటికెడు పొడి తట్టుకోలేకపోయింది. రోడ్డు మీద కూర్చుని ఉమ్మింది. నీళ్ళు తాగి మళ్ళీ ఉమ్మింది. సాయంత్రం దాకా చుట్ట ముట్టుకోలేదు.

"నీకు పళ్ళూడిపోయిన నోరు, నువ్వే ఉమ్మేవు," అన్నారాయన. "దానిది పాలపళ్ళ నోరు."

అప్పుడు నాకు నేర్పించారు. వాళ్ళ ఇల్లు షాపు వెనకే. భార్య ఫాతిమా బేగం గారు బెల్లం పాకం ముదురుగా కాచి సీసాలో ఉంచేవారు. ముందు ఉత్త పాకం పిల్ల నాలికకి రాయాలి. నాలిక మీద పొర కట్టిన తర్వాత, మందు కలిపిన పాకం నాలిక మీద కాకుండా దవడ పక్కన, లోపలికి పెట్టాలి. అందులో ఉప్పు ఒక రవ్వ వేయాలి. ఉప్పు ఎందుకని అడిగితే, షర్బత్‌లో కూడా వాళ్ళ నాన్న వేసేవాడని, ఉప్పు తగిలితే చేదు తల వంచుతుందని చెప్పారు. వెనకాలే మళ్ళీ ఉత్త పాకం పెట్టాలి. పిల్లని పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి. ముక్కు జోలికి వెళ్ళకూడదు.

ఆయన చెప్పిన రెండు మాటలు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మన పేటలో తల్లులందరికీ చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. మొదటిది: "అన్నంలో మందు దాచకు. మందు తింటాదో లేదో గానీ, రేపట్నుంచి అన్నం తినడం మానేస్తాది." రెండోది: "చేదు కాదని పిల్లకి అబద్ధం చెప్పకు. చేదే అని చెప్పు. వెనకాల తీపి ఇస్తానని చెప్పు, ఇచ్చి తీరు. ఒకసారి మోసపోయిన నోరు మళ్ళీ తెరుచుకోదు."

నూకాలు ఆయన బెంచీ మీదే నా ఒళ్ళో కూర్చుని మందు మింగింది. మొహం అష్టవంకర్లు తిప్పింది గానీ కక్కలేదు. అది బతికింది. ఇప్పుడు దానికొక కూతురు.

మా వీధిలో బతకని పిల్లలు ఉన్నారు. మందు దొరక్క కాదు. బిళ్ళలు ఇంట్లో గూట్లో ఉండగానే పోయారు. ఆ తల్లుల్ని ఆసుపత్రి వాళ్ళు ఏమన్నారో తెలుసా? బిళ్ళలు సరిగ్గా వెయ్యలేదన్నారు. చదువు లేనోళ్ళన్నారు. పిల్ల కడుపులో ఆగని మందు ఇచ్చి, ఆగలేదని తల్లిని తిట్టారు.

నేను అప్పట్లో ఎండుచేపల గంపతో బస్సెక్కి ఉక్కునగరం వెళ్ళేదాన్ని. సెక్టార్లలో క్వార్టర్స్ తిరిగి అమ్ముకునేదాన్ని. ఒకరోజు నాకు బాగా తెలిసిన ఒక మేడం గారి వంటింటి గుమ్మంలో కూర్చుని చేపలు తూచి ఇస్తున్నాను. వాళ్ళ బాబుకి జ్వరం. ఆవిడ సీసా తీసి చెమ్చాలో మందు పోసింది. నారింజ రంగులో ఉంది. వాడు గుటకేసి, "ఇంకా," అన్నాడు. ఇంకా అన్నాడు. మందుకి. నేను చేతిలో చేప అలాగే పట్టుకుని చూశాను. ఏం జ్వరమని అడిగితే మలేరియా అంది. నా చూపు చూసి ఆవిడే నా వేలి మీద ఒక చుక్క వేసింది. పిప్పరమెంటు చప్పరించినట్టుంది. ఎక్కడో చివర్లో కొంచెం చేదు. ఆ మేడం గారిది ఏ తప్పూ లేదు, చల్లని మనిషి. కానీ ఆ చుక్క నా నాలిక మీద నుంచి నేరుగా తలకెక్కింది. మిగిలిన చేపలు అమ్మకుండానే బస్సెక్కి పాతూరులో దిగాను.

కరీముల్లా గారికి చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. బీరువా పై అర వైపు చూపించారు. ఆ సీసా అక్కడే ఉంది.

"నాకెందుకు సూపించనేదు బాబూ?"

"చూపిస్తే కొనగలవా చెల్లెమ్మా? కొనలేనిది చూపించి నిన్ను ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను."

"నానేడవను. నానడుగుతాను. ఆ సీసాలో మందూ ఈ బిళ్ళలో మందూ ఒకటేనా?"

"ఒకటే."

"మరి మావోళ్ళకి సేదెందుకు?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. గిరాకీ వస్తే కూడా లేవలేదు. ఆ రోజు నుంచి ఆయన పోయే దాకా పట్టుకున్న పని ఒకటే. సర్కారు ఉచితంగా ఇచ్చే పిల్లల బిళ్ళ పిల్లలు మింగేలా ఉండాలి. పైన తీపి పూత వెయ్యాలి, లేదా నారింజ మందులా నీళ్ళమందు చెయ్యాలి. ఆయన అడిగింది ఇంతే.

కంపెనీల నుంచి మందులు చూపించడానికి వచ్చే కుర్రాళ్ళని కూడా ఆయన వదల్లేదు. ఒకసారి టై కట్టుకుని తోలుసంచీతో ఒకతను వచ్చాడు. నేనూ, మా వీధి పోలమ్మా, ఇంకొందరు ఆడవాళ్ళం పిల్లల్ని వేసుకుని బెంచీ మీద ఉన్నాం. మీ కంపెనీ ఈ బిళ్ళకే తీపి పూత వేసి సర్కారుకి ఎందుకు అమ్మదని కరీముల్లా గారు అడిగారు. అతను నవ్వాడు.

"గవర్నమెంట్ సప్లైకి టేస్ట్ ఎవరడుగుతారు సార్? ఫ్రీ మందు కదా. హార్బర్ సైడ్ పిల్లలకి చేదు అలవాటే."

కరీముల్లా గారు ఒక బిళ్ళ కాగితం మీద పెట్టి అతని ముందుకి జరిపారు. "నమలండి."

"సార్?"

"హార్బర్ పిల్లలకి అలవాటేనన్నారు కదా. మీరు చదువుకున్నోరు, తొందరగానే అలవాటవుద్ది. నీళ్ళు నేనిస్తాను."

అతను మళ్ళీ నవ్వబోయాడు. ఈయన నవ్వలేదు. బెంచీ మీద మేం కూడా నవ్వలేదు. అతను సంచీ మూసుకుని మెట్లు దిగాడు. "అల్లుడొచ్చినట్టొచ్చి దొంగెల్లినట్టు ఎల్లిపోనాడు," అంది పోలమ్మ. అప్పుడు నవ్వాం. ఆయన మాత్రం ఆ బిళ్ళని కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నారు. నవ్వడానికేముందని మమ్మల్ని కూడా తిట్టారు.

ఇప్పుడు ఐసు సంగతి రాయాలి. సభలో దాన్ని చెప్పి నవ్వారు కాబట్టి పూర్తిగా రాస్తాను.

ఐసు ముక్క చప్పరిస్తే నాలిక మొద్దుబారుతుంది, చేదు అంతగా తెలీదు. ఇది వాళ్ళ నాన్న షర్బత్ బండి దగ్గర ఆయన చిన్నప్పుడు కనిపెట్టిన సంగతి. పాకం కాచుకునే ఓపిక లేని తల్లులకి ఇది చెప్పారు. ఏ ఐసని మేం అడిగాం. చేప తగలని ఐసు చూసి పెట్టండన్నారు.

మాకు ఐసుకి లోటేముంది? హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు జారి వస్తాయి. చేపల పెట్టెల్లోకి పోకముందు అవి అద్దాల్లా ఉంటాయి. మా లెక్కలో చేప తగిలితే నీచు, తగలకపోతే శుభ్రం. ఆ దిమ్మ ఏ నీళ్ళతో చేశారని హార్బర్లో పుట్టిన మనిషి ఎవరూ అడగరు. అది చేపలకి చేసిన ఐసు, తాగే నీళ్ళతో చేసింది కాదు. ఆయనేమో పాతూరు మనిషి, హార్బరు ఐసు ఎలా తయారవుతుందో ఆయనకి తెలీదు. మేం దిమ్మల అంచులు కొట్టుకుని, చేప తగలని ముక్క ఏరి, కొంగులో కట్టి తెచ్చుకున్నాం.

పోలమ్మ కొడుకు అప్పన్నకి విరోచనాలు పట్టుకున్నాయి. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. వాడి తండ్రి దేముడు బోటు దిగి సంగతి విని, నలుగురు మగాళ్ళని వేసుకుని షాపు మీదకి వెళ్ళాడు. ఏం జరుగుతుందోనని నేను వెనకాల పరిగెత్తాను.

"సాయిబూ, నీ మాటిని నా గుంటడు సావుబతుకుల్లో ఉన్నాడు," అన్నాడు దేముడు. "నువ్వేటి సెప్తావో సెప్పు."

ఇంకొకరైతే, నేను పెట్టమన్నది అది కాదు, మీకే బుద్ధి లేదని తప్పించుకునేవారు. ఈయన ఏ ఐసు పెట్టారని అడిగారు. దేముడు చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసేశారు.

"తప్పు నాది దేముడూ. చేప గురించి చెప్పేను, నీళ్ళ గురించి చెప్పలేదు. పద, ఆసుపత్రికి పోదాం. కొట్టాలంటే తర్వాత కొట్టు."

షట్టరు దించి వాళ్ళతోనే నడిచారు. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. నమాజు వేళకి లేచి ఆ మూలే చేసుకుని మళ్ళీ కూర్చున్నారు. పిల్లాడు ఉచ్చ పోశాడని, ఇక గండం గడిచిందని పోలమ్మ బయటికి వచ్చి చెప్పాకే లేచారు. మర్నాడు మా పేటకి వచ్చి ప్రతి వీధిలో ఆగి చెప్పారు: నేను చెప్పింది తప్పు, ఆ ఐసు పిల్లలకి పెట్టకండి. ఆయన పక్కన ఒక్కో గుమ్మం చూపిస్తూ నడిచింది దేముడే. చేసిన తప్పు వీధి వీధికీ తిరిగి చెప్పుకున్న పెద్దమనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఎక్కడైనా ఉంటే చూపించండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అర్జీ రాయించుకుని జిల్లా ఆరోగ్యశాఖ పెద్దాఫీసుకి వెళ్ళారు. మేం ఆడవాళ్ళం కూడా వెళ్ళాం, పిల్లల్ని ఎత్తుకుని. వరండాలో పొద్దుటి నుంచి కూర్చోబెట్టి భోజనాల వేళకి లోపలికి పిలిచారు. కుర్చీలో ఉన్న డాక్టరు గారు అర్జీ సగం కూడా చదవలేదు.

"ఐసు పెట్టించి పిల్లల్ని ఆసుపత్రి పాలు చేసింది నువ్వే కదూ? నువ్వా మాకు మందుల గురించి చెప్పేది? ఫ్రీగా ఇస్తుంటే వీళ్ళకి రుచి కూడా కావాలా?"

ఐసు సంగతి ఆయన దాకా ఎలా వెళ్ళిందో నాకు తెలీదు. కరీముల్లా గారు ఆ రోజు అరవలేదు. చేతులు బల్ల మీద ఆనించి నెమ్మదిగా చెప్పారు. "ఐసు విషయంలో నన్ను జైల్లో పెట్టండి సార్, వెళ్తాను. కానీ ఆ తప్పుకీ ఈ బిళ్ళకీ సంబంధం లేదు. ఫ్రీగా ఇచ్చినా పిల్ల కక్కేస్తే మీరు ఇచ్చింది మురిక్కాలవకి, పిల్లకి కాదు."

డాక్టరు గారు బెల్లు కొట్టారు. మమ్మల్ని బయటికి పంపించారు. మెట్లు దిగుతుంటే నా చంకలో నూకాలు ఏడుస్తోంది. ఆయన దాని తల మీద చెయ్యి వేశారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళారో నేను లెక్కపెట్టలేదు. కుర్చీలో మనుషులు మారారు. మధురవాడ కొండల దగ్గర అద్దాల ఆఫీసులు లేచాయి. చేతుల్లోకి సెల్లు ఫోన్లు వచ్చాయి. ఆ బిళ్ళ మాత్రం మారలేదు. ఒక ఆఫీసరు బడ్జెట్ లేదన్నాడు. ఒకడు పైనుంచి రావాలన్నాడు. ఇంకొకడు, తియ్యగా ఉంటే పిల్లలు చాక్లెట్లనుకుని తినేస్తారన్నాడు. దానికి మాత్రం ఈయన ఒప్పుకున్నారు. ఆ మాట నిజమే సార్, అందుకే చివర్లో కొంచెం చేదు ఉంచమంటున్నాను, అది మందని నాలిక్కి తెలియాలి, భయం మాత్రం వెయ్యకూడదు అన్నారు. ఆ ఆఫీసరుకి కావలసింది జవాబు కాదు, మేం వెళ్ళిపోవడం.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయన్ని చూడడానికి వెళ్ళాను. బాగా తగ్గిపోయారు. నర్సు బిళ్ళలు నీళ్ళలో కరిగించి మూతతో తాగించింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఎలాగుంది బాబూ అని అడిగాను. "చేదుగానే ఉంది పైడమ్మా," అన్నారు. "నేను పెద్దోణ్ణి. ఎందుకు తాగుతున్నానో నాకు తెలుసు, మింగుతాను. పసిదానికి ఎవరు చెప్తారు?" నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఇప్పుడు వేదిక మీద కూర్చున్న ఆయన సంగతి. ఆ రోజు బెల్లు కొట్టిన డాక్టరు గారే. రిటైర్ అయ్యారు, జుట్టు తెల్లబడింది. మైకు తీసుకుని, మన కరీముల్లా గారు ఒకసారి పిల్లలకి చేపల ఐసు పెట్టించారని నవ్వుతూ చెప్పారు. హాల్లో అందరూ నవ్వారు. అంత అమాయకుడండీ అన్నారు. తప్పు నాదని ఆయన వీధి వీధికీ తిరిగి చెప్పిన సంగతి చెప్పలేదు. అర్జీ సంగతి చెప్పలేదు. కొట్టిన బెల్లు సంగతి చెప్పలేదు. చివర్లో కరీముల్లా గారి ఆత్మకి శాంతి కలగాలన్నారు. ఆ శాంతి ఆయనకి కలగకూడదనే నేను కోరుకుంటున్నాను. ఆయన బతికినన్నాళ్ళూ శాంతంగా లేరు, మా కోసం. ఇప్పుడు శాంతించమనడానికి వీళ్ళెవరు?

నలభయ్యో రోజు వాళ్ళింట్లో పోయినాయన కోసం ఫాతిహా ప్రార్థన అయింది. హార్బరు ఆడవాళ్ళం కొందరం వెళ్ళి లోపల బేగం గారి దగ్గర కూర్చున్నాం. అప్పుడు మందుల షాపుల సంఘం వాళ్ళు వచ్చారు. వాళ్ళ హాల్లో ఆయన ఫోటో పెద్దది చేయించి పెడతామని, ఒక మంచి ఫోటో ఉంటే ఇమ్మని అడిగారు. బేగం గారు ఎప్పుడూ మగాళ్ళ ముందు పెద్దగా మాట్లాడని మనిషి. తెర వెనక నుంచే అడిగారు.

"ఆ బిళ్ళ మారిందా బాబూ?"

ఏ బిళ్ళమ్మా అన్నాడు వాళ్ళలో ఒకతను. ఇంకొకాయనకి తెలుసు, ఆయన తల దించుకున్నాడు.

"మారిన రోజు రండి. ఫోటో నేనే ఇస్తాను."

వాళ్ళు టీ సగంలో వదిలేసి లేచారు. వాళ్ళు వెళ్ళాక, ఇకమీదట అర్జీ ఎవరు పట్టుకెళ్తారని ఆవిడ నన్ను అడిగారు. నాకు ఆఫీసుల్లో మాట రాదమ్మా అన్నాను.

"మాట ఎందుకు పైడమ్మా? ఆయన ఇన్నేళ్ళు మాట్లాడేరు, ఎవరు విన్నారు? జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకెళ్ళు. ఎలాగూ వెయ్యాల్సిన బిళ్ళే కదా. ఇంట్లో వెయ్యకు. ఆఫీసరు ముందు వెయ్యి."

కరీముల్లా గారూ, మీకు దండ వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. మీ మతంలో మీకు ఎలా దండం పెట్టాలో కూడా తెలీదు. మీ షాపులో ఇప్పుడు వేరే ఎవరో సెల్లు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బెంచీ తీసేశారు. పిల్ల నోరు చూసి, తల్లిని తిట్టి, బిళ్ళ చేసినవాణ్ణి ఇంకా ఎక్కువ తిట్టే మనిషి ఈ ఊళ్ళో ఇక లేడు. మళ్ళీ పుడతాడని నాకు నమ్మకం లేదు. మా తరఫున కోప్పడడానికి మీరున్నారని మేం ఇన్నాళ్ళూ మా కోపం దాచుకున్నాం. తప్పు చేశామేమో.

వానాకాలం వస్తోంది. జ్వరాలు వస్తాయి. ఈసారి మా వీధిలో ఏ పిల్లకి ఆ బిళ్ళ వెయ్యాల్సి వచ్చినా గడప లోపల వెయ్యం. పోలమ్మ వస్తానంది, నూకాలు వస్తానంది, ఇంకా చాలామంది వస్తామన్నారు. ముక్కు మూయం, కాళ్ళు పట్టుకోం. ఆఫీసరు బల్ల మీద కూర్చోబెట్టి, బిళ్ళ నీళ్ళలో కలిపి, పిల్ల నోట్లో పోస్తాం. ఆఫీసరు గారికి ఈ పుస్తకం చేరితే ఒక్క మాట. మీ బల్ల మీద ముఖ్యమైన కాగితాలు ఉంటే ముందే పక్కకి తీసుకోండి.